నా జోస్యాలు, మా బావమరిది పనలు

ఆశ్వయుజం వచ్చిందంటే నా నోరు ఊరుకోదు. ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు మొదలైన రోజు నుంచే ఈ ఏడు చలి ఎలా ఉండబోతుందో చెప్పేస్తుంటాను. అడిగినవాళ్లకు క్లుప్తంగా, అడగనివాళ్లకు వివరంగా. సత్యనారాయణపురంలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర పొద్దున్నే మొదలయ్యే ఈ ప్రవచనం సాయంత్రానికి కృష్ణ ఒడ్డున నడకకొచ్చే పెద్దమనుషుల దాకా పాకేది. రిటైరయ్యే ముందు నేను బ్యాంకులో పనిచేశాను. హామీదారు సంతకం లేనిదే ఎవరికీ పైసా అప్పిచ్చిన పాపాన పోలేదు. ఆకాశం విషయానికి వచ్చేసరికి మాత్రం ఏ కాగితమూ చూడకుండా మాటిచ్చేసేవాణ్ణి. జనం వినేవాళ్లు. బ్యాంకాయన చెప్పాడంటే ఏదో లెక్క ఉండే ఉంటుందనుకునేవాళ్లు. ఆ నమ్మకమే నన్ను చెడగొట్టింది.

నా దగ్గర లెక్క లేకపోలేదు. ఉన్నవన్నీ తప్పుడు లెక్కలు, అంతే. చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కితే ఒక లెక్క. వేపచెట్టు ఆకు ముందుగా పండబారితే ఇంకో లెక్క. అక్టోబరులో డాబా మీద తూనీగలు గుంపులుగా ఎగురుతుంటే ‘చూశారా, చలికి జడిసి దక్షిణాదికి పోతున్నాయి’ అనేవాణ్ణి. అందులో సగం నిజమని తర్వాత చదివి తెలుసుకున్నాను. చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, అక్టోబరులో మాల్దీవుల్లో వాలే తూనీగలు మన దేశం మీదుగా వచ్చి, హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతున్నాయని 2009లో ఒక ప్రతిపాదన ప్రచురించాడు. వాటికి కావలసింది రుతుపవనాలు వెనక్కి తిరిగేటప్పుడు పైన వీచే గాలీ, అవతలి ఒడ్డున గుడ్లు పెట్టడానికి వాననీటి గుంటలూను. బెజవాడలో జనవరి చలి ఎంతుంటుందన్న బెంగ వాటికి లేదు. ఆ బెంగ నాదొక్కడిదే.

అన్నిటికంటే సిగ్గుపడాల్సిన లెక్క స్వెట్టర్లవాళ్లది. చలికాలం ముందు ఊళ్లోకి ఉన్ని బట్టలమ్మేవాళ్లు దిగుతారు కదా, ఒక ఏడు వాళ్లు దీపావళికి ముందే కొట్లు తెరిచారు. కొండప్రాంతాల మనుషులు, చలి వాసన ముందే పసిగడతారని నా సిద్ధాంతం. వారం పాటు దాన్నే ప్రచారం చేశాను. చివరికి నేనూ ఒక స్వెట్టరు బేరమాడుతూ, ‘ఈసారి తొందరగా వచ్చారే, చలి బాగా ఉంటుందంటారా?’ అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఈసారి స్థలం ముందుగా అద్దెకు దొరికిందని చెప్పాడు. స్వెట్టరు కొన్నాను. టీ కొట్టు దగ్గర మాత్రం అతని జవాబు చెప్పలేదు.

ఇంకో తమాషా ఏమిటంటే, కార్తెల సామెతలు వల్లించడంలో నన్ను మించినవాడు లేడు. హస్త, చిత్త వరపైతే అందరి సేద్యమూ ఒకటే అంటారు. సెప్టెంబరు చివర వచ్చే హస్తలో, అక్టోబరు రెండో వారంలో వచ్చే చిత్తలో వాన మొహం చాటేస్తే, గొప్ప రైతుకీ సోమరిపోతుకీ పంటలో తేడా ఉండదని దాని భావం. అప్పుడు వరి పొట్ట మీదో, ఈనిక మీదో ఉంటుంది, నీళ్లు లేకపోతే గింజ కట్టదు. అందులో బూటకమేమీ లేదు. పొలం గట్టు మీద నిలబడి తరాల తరబడి చూసినవాళ్ల మాట అది. వాన ఎప్పుడు పడితే వరి ఏమవుతుందో కార్తెలు చెప్పాయి. చలి ఎంత ఉంటుందో మాత్రం వాటిని నేనెన్నడూ సరిగ్గా అడగలేదు, నా అంతట నేనే జవాబు కల్పించి వాటి నోట్లో పెట్టేశాను.

అసలు డెల్టాలో పుట్టి పెరిగినవాడికి చలి పిచ్చి ఎందుకు పట్టాలి? ఈ ప్రశ్న మా ఆవిడ చాలాసార్లు వేసింది. జనవరిలో కూడా మా ఊళ్లో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. ఉత్తరాది మైదానాల్లో 10 డిగ్రీలకు దిగితేగానీ చలిగాలులని ప్రకటించని వాతావరణ శాఖ, సముద్రతీరంలో ఉండేవాళ్ల మీద జాలిపడి లెక్క మార్చింది. 15 డిగ్రీలకు వచ్చి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చాలు, మనకది చలిగాలే. అంత తక్కువ చలిని అంత పెద్ద విషయం చేయడానికి కారణం నేను చూసే టీవీ అనుకుంటాను. నవంబరు వచ్చిందంటే ఢిల్లీ పొగమంచు, డిసెంబరు వచ్చిందంటే లంబసింగిలో గడ్డి మీద పేరుకున్న తెల్లటి మంచు. చూసి చూసి మనకూ ఆ వైభవం రావాలనిపిస్తుంది. మఫ్లరు చుట్టుకుని టీ తాగితే అదొక దర్జా. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారే ఊళ్లో ఉంటూ నేను కులూ, మనాలీ కలలు కన్నాను.

ఈ దర్జా కోసం చేసిన వెర్రి పనుల్లో 2024 నాటిది ఒకటి చెబుతాను. ఆ సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి 2009 అక్టోబరు నాటి రికార్డునూ మించిపోయింది. నీళ్లు తగ్గి, ఇళ్లలో బురద ఎత్తిపోసుకున్న కొద్ది రోజులకే ఊళ్లో ప్రతివాడూ వాతావరణ నిపుణుడైపోయాడు. అంతమంది పోటీకొచ్చాక నేను తగ్గుతానా? ‘ఇంత వాన కురిసిన ఏడు చలి ఎముకలు కొరుకుతుంది’ అని పందెం కాసినట్టు చెప్పాను. అదే సమయంలో పత్రికల్లో ‘లానినా’ అనే మాట వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గర నీళ్లు మామూలు కంటే చల్లబడతాయట, అలాంటి ఏళ్లలో ఉత్తర భారతంలో చలి ఎక్కువగా ఉండే వీలుందట. ‘ఉత్తర’, ‘వీలుంది’ అనే రెండు మాటలూ నా చెవిలో పడలేదు. కంటబడినవి ‘చలి ఎక్కువ’ అన్న రెండే.

అప్పుడు బయట ఎండ ఎలా కాస్తోందో కూడా గమనించలేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అంత వేడిగా ఉన్న అక్టోబరు ఇంకోటి లేదని వాతావరణ శాఖే చెప్పింది. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ నేను వన్‌టౌన్‌కి వెళ్లి రగ్గులు కొన్నాను. ఇంటికి కొంటే సరిపోయేది. చుట్టాలందరికీ కొన్నాను. మా ఆవిడ తరఫువాళ్లకీ, మా తరఫువాళ్లకీ, పైనింటి అద్దెవాళ్లకీ. ఆటో నిండా రగ్గులేసుకుని వస్తుంటే డ్రైవరు, ‘ఆశ్రమానికా సార్?’ అని అడిగాడు.

తర్వాత ఏం జరిగిందో రికార్డుల్లో ఉంది. లానినా వచ్చిందని అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించేసరికి 2025 జనవరి వచ్చింది. వచ్చినది కూడా బక్కచిక్కి వచ్చి, వేసవి ముదిరేలోపే వెళ్లిపోయింది. ఆ జనవరి సగటు ఉష్ణోగ్రతల్లో మన దేశానికి 1901 తర్వాత మూడో స్థానం. 1958, 1990 మాత్రమే దానికి పైన ఉన్నాయి. ఫిబ్రవరి అయితే ఏకంగా మొదటి స్థానం కొట్టేసింది. సంక్రాంతికి ఇంటికొచ్చిన మేనల్లుడు నేనిచ్చిన రగ్గు మడత కూడా విప్పకుండా తలకింద పెట్టుకుని, ఫ్యాను మూడో నంబరులో పెట్టి పడుకున్నాడు. ‘మామయ్యా, తలగడ బాగుంది’ అన్నాడు. వాడు వెక్కిరించాడా, మెచ్చుకున్నాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

రగ్గుల కథ అందరికీ చెప్పుకుని నవ్వుకోవచ్చు, నవ్వాను కూడా. దానికి ముందు ఏడాది జరిగినదే చెప్పడానికి నోరు రాదు. వరసలో అదే ముందు రావాలి. సిగ్గుకొద్దీ వెనక్కి నెట్టాను. అది జరిగాక కూడా మరుసటి ఏడు వెళ్లి రగ్గులు కొన్నానంటే నా సంగతి మీరే అర్థం చేసుకోవచ్చు.

2023 కార్తీక పున్నమికి మా అత్తగారి ఊరు వెళ్లాం. మొవ్వ దగ్గర పల్లె. మా బావమరిది అక్కడ సొంతది కొంత, కౌలుకు కొంత వరి వేస్తాడు. చేను పండి బంగారంలా ఉంది. తెల్లవారుజామున సన్నగా మంచు పడుతోంది, గట్టు మీద నడిస్తే కాళ్లు తడుస్తున్నాయి. ‘మంచు పడిందంటే వానలు పోయినట్టే’ అన్నది మా వైపు అందరూ అనే మాటే. నేను దాన్ని శాసనంలా చెబుతాను.

రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాం. చంద్రుడి చుట్టూ గుడి కట్టింది. చాలా పెద్ద గుడి. మా బావమరిది దాన్ని చూసి, ‘బావగారూ, టీవీలో అండమాన్ దగ్గర అల్పపీడనం అంటున్నారు. కూలీలు రేపు వస్తామన్నారు. కోయమంటారా, నాలుగు రోజులు ఆగమంటారా?’ అని అడిగాడు. మామూలుగా అతను నన్ను అడిగే మనిషి కాదు. ఆ రాత్రి ఎందుకడిగాడో తెలియదు. బహుశా నేను పెద్దవాణ్ణి కాబట్టి మర్యాదకి అడిగి ఉంటాడు.

నేను చేయి పైకెత్తి, చంద్రుడి నుంచి ఆ వలయం దాకా జాన పెట్టి కొలిచాను. బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా సరిగ్గా సరిపోయింది. ‘అబ్బో, ఇంత దూరాన కట్టింది. గుడి దూరమైతే వానా దూరమే. కోయించెయ్ రా’ అన్నాను.

తెలుగునేల మీద పుట్టిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన. ఆ సామెతను నేను తిరగేసి చెప్పాను. తెలియక కాదు, చిన్నప్పటి నుంచీ తెలిసినదే. ఆ క్షణాన తర్కం బుర్రకెక్కింది. దూరమంటే దూరమే కదా, పెద్దలు పొరపాటున తారుమారు చేసి ఉంటారనిపించింది. పెద్దల మాటను వాళ్ల తరఫున దిద్దడానికి నేనెవర్ని?

తర్వాత పుస్తకాల్లో చూస్తే ఆ సామెత వెనక ఉన్న సంగతి కళ్లు తెరిపించింది. చంద్రుడి చుట్టూ పెద్ద వలయం కట్టించేవి ఎంతో ఎత్తున పొరలా పరుచుకున్న మంచు స్ఫటికాల మబ్బులు. ఆరు పలకల ఆ స్ఫటికాల్లోంచి వెన్నెల వంగి 22 డిగ్రీల దూరంలో వలయం కడుతుంది. ఎప్పుడు కట్టినా అంతే కొలత, చాచిన చేతికి జానెడు. సముద్రం మీద గాలివాన తయారవుతున్నప్పుడు దాని నెత్తి మీద నుంచి వందల కిలోమీటర్లు ముందుకు పాకి వచ్చేవి ఆ పల్చటి మబ్బులే. చంద్రుణ్ణి ఆనుకుని చిన్నగా, కాస్త రంగులతో కనిపించే గుడి వేరు. అది కింద తిరిగే నీటి మబ్బుల పని, దాంతో పెద్ద ప్రమాదమేమీ లేదు. పెద్ద గుడి కట్టిన ప్రతిసారీ వాన పడుతుందని కాదు. కానీ కార్తీకంలో, అండమాన్ దగ్గర అల్పపీడనం ఉందని టీవీ చెబుతున్నప్పుడు, జానెడు గుడిని చూసి కోతకు పంపినవాణ్ణి ఏమనాలి?

కోశారు. గడ్డి పశువులకు పనికొస్తుందని మిషను పెట్టకుండా చేత్తోనే కోయించాడు. కోతకు ముందే మా వైపు ఆనవాయితీ ప్రకారం చేలో మినుములు వెదజల్లాడు. వరి కోసేలోపు ఆ గింజలు పదును మీద మొలకెత్తి, తర్వాత నేలలో మిగిలిన తేమా, రాత్రి కురిసే మంచూ తాగి పెరుగుతాయి. కోసిన పనలు ఆరడానికి చేలోనే పరిచారు.

డిసెంబరు మొదట్లో ఆ అల్పపీడనం వాయుగుండమైంది, ఆపైన తుఫాను. మిచౌంగ్ అని పేరు పెట్టారు. ఆ పేరిచ్చింది మయన్మార్. బావమరిది ఫోన్ చేసి, పనలు కట్టించి కుప్ప వేయించనా అని అడిగాడు. కూలీ మళ్లీ తడిసి మోపెడవుతుంది, పనలింకా పచ్చి మీదున్నాయి. ఆ రోజు టీవీ నిండా చెన్నై. మూడో తేదీ, నాలుగో తేదీ ఆ ఊరు మునిగిపోయింది. నేను మళ్లీ నోరు విప్పాను. ‘అది మద్రాసు తుఫాను రా, మనదాకా రాదు’ అన్నాను. వాతావరణ శాఖ దారి గీసి మరీ చూపిస్తోంది, నెల్లూరుకీ మచిలీపట్నానికీ మధ్య తీరం దాటుతుందని. ఆ గీత చూసే ఓపిక కూడా నాకు లేకపోయింది. తుఫాను చెన్నైని ముంచి, కోస్తా వెంబడే ఉత్తరానికి నడిచి, 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటింది.

వాన వెలిశాక వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది అనిపించింది, వెళ్లకపోతే ఇంకా నీచంగా ఉండేది. చేలో మోకాలి కింద దాకా నీళ్లు. బావమరిది వంగి ఒక పన ఎత్తాడు. నీళ్లు కారుతుంటే దాన్ని తిప్పి నాకు చూపించాడు. కంకుల్లో గింజల కొసన తెల్లగా, సూది మొనంత మొలకలు. కొన్ని రకాలకు కోశాక రెండు మూడు వారాలు నిద్ర ఉంటుంది, అవి తడిసినా వెంటనే మొలవవు. అతనివి మొలిచాయి. నీళ్లు తీసేశాక లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొట్టాం. ఉప్పునీళ్లు మొలకను ఆపుతాయి, గింజ రంగు మారకుండా కాస్త కాపాడతాయి. డ్రమ్ములో ఉప్పు కలిపే పని నాకిచ్చాడు. అంతకంటే బాధ్యత ఉన్న పని నాకివ్వకపోవడం న్యాయమే. మినుములు నీళ్లలో కుళ్లిపోయి గట్టు దాకా వాసన కొడుతున్నాయి. ఆ పంట మళ్లీ వెదపెట్టడానికి పదును మించిపోయింది. ధాన్యం 17 శాతం తేమకు దిగేదాకా రోడ్డు పక్కన ఆరబోసి, తిరగేసి, మళ్లీ పట్టాలు కప్పి, రంగు మారిన గింజకు వచ్చినంతకే అమ్ముకున్నాడు.

ఒక్క మాట అనలేదు. అదీ బాధ. వచ్చేస్తుంటే నేనే కదిలించబోతే, ‘మీరు చెప్పకపోయినా కోసేవాణ్ణేమో లెండి బావగారూ’ అన్నాడు. ఆ ‘ఏమో’ దగ్గర అతని గొంతు కొంచెం ఆగింది. దారి పొడుగునా మా ఆవిడ అనాల్సినవన్నీ అనేసింది. దానికి కొంత తేలికపడ్డాను.

ఆ వసారాలో మా అత్తగారు కూడా ఉన్నారు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక వైపు. గుడి చూసి నేను జోస్యం చెప్పేటప్పుడు ఆవిడ మధ్యలో అడిగిన ప్రశ్న ఒకటుంది. నేను పట్టించుకోలేదు. ‘ఏం బాబూ, సముద్రం మీద ఏదన్నా ఉందంటున్నారా? గాలి ఎటునుంచి తోలుతోంది?’ కార్తీకం వస్తే ఆవిడ అడిగేది ఇదొక్కటే. చలి ఎంత ఉంటుందని నా ఎరికలో ఏనాడూ అడగలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దీపావళి వెళ్లి వారమే అయింది. నీళ్లు తాడెత్తున వచ్చాయని అక్కడివాళ్లు చెబుతారు. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేల దాకా. లెక్కకు రానివాళ్లు ఎందరో. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఇళ్లకు ఇళ్లే లేవు. అంతకు నూట పదమూడేళ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరును ముంచి ముప్ఫై వేల మందిని పొట్టన పెట్టుకున్నదీ అలాంటిదే. 2013 నవంబరులో హెలెన్ దాటింది కూడా బందరు దగ్గరే. మా అత్తగారికి ఈ తేదీలన్నీ తెలియవు, ఒక్క తేదీ చాలు ఆవిడకు. ఇప్పటికీ బందరు రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని వార్త వస్తే, ఆ నంబరు ఎంతో అడిగి మరీ తెలుసుకుంటారు.

మా అత్తగారి ప్రశ్నలోనే డెల్టా వాతావరణమంతా ఉందని తెలియడానికి నాకు ఇంతకాలం పట్టింది. అక్టోబరు నడిమికి నైరుతి వెనక్కి పోతుంది, గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఎండాకాలమంతా వేడెక్కిన బంగాళాఖాతం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనమే వాయుగుండాలకు మేత. పుస్తకాల్లో శరత్తు అంటే నిర్మలాకాశం, వెన్నెల. మాకు అదే కోతల ముందు వచ్చే భయాల కాలం కూడా. నేను మాత్రం ఈ నెలలను చలికి పీఠికలా చదివాను. అక్టోబరులో ఒక చల్లటి తెల్లవారుజాము వచ్చిందంటే జనవరి గురించి అది చెప్పేదేమీ లేదు. మాకు చలి రావాలంటే సముద్రం మీద మబ్బు ఉండకూడదు, ఉత్తరం నుంచి పొడిగాలి దిగాలి, రాత్రి ఆకాశం విప్పారి నేల వేడినంతా పైకి వదిలేయాలి. అవన్నీ కలిసొచ్చిన నాలుగు రోజులు చలి. మళ్లీ మబ్బు పట్టిందా, రాత్రి వెచ్చబడుతుంది. సంక్రాంతి ముందు కాలవల మీద పొగమంచు కమ్మి గన్నవరంలో విమానాలు ఆలస్యమయ్యే రోజులూ అలా వచ్చేవే. వాటిని వారం ముందు పసిగట్టవచ్చు. దసరాలకే చెప్పేవాడు దొంగ, లేదా నేను.

అలాగని చలి గురించి అడిగేవాళ్లంతా మఫ్లర్ల కోసమే అడుగుతారని కాదు. నాతో బ్యాంకులో పనిచేసిన ఒకాయనకు నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. పూత బాగా రావాలంటే డిసెంబరు, జనవరి రాత్రులు పొడిగా చల్లబడాలి. మబ్బులూ పొగమంచూ పట్టుకుంటే పూత మీద తేనెమంచు పురుగు వాలుతుంది, బూడిద తెగులు తగులుతుంది, మందుల ఖర్చు కాయల ఖరీదును తినేస్తుంది. ఆయన ఏటా దసరాలకు ఫోన్ చేసి అడిగేవాడు, నేను ఏటా చెప్పేవాణ్ణి. ఎన్నిసార్లు తప్పినా మళ్లీ అడిగేవాడు. అదేం నమ్మకమో!

2025 అక్టోబరు చివర మోంథా వచ్చింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి వరి చాలా చోట్ల గింజ పాలు పోసుకుంటోంది. కోత దూరంలోనే ఉంది గనక పనల భయం లేదు, చేను పడిపోతుందన్న భయమే. దానికి మూడు రోజుల ముందే మా బావమరిది ఫోన్ చేశాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో, మచిలీపట్నం రాడార్ బొమ్మలు తన ఫోనులోనే చూస్తున్నాడు. ‘బావగారూ, మీరేమీ చెప్పకండి. నేనే చెబుతాను, వినండి’ అన్నాడు. మురుగు కాలవలు తీయించుకున్నాడట, గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో కూడా చెప్పాడు. మొత్తం విని, ‘మంచిది రా’ అని ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో మా ఆవిడకు తెలుసు. పక్కనే నిలబడి చూస్తోంది.

ఆ తుఫాను వెళ్లిన వారానికి నూజివీడు ఆయన ఫోన్ చేశాడు. ఆ ఏడు దసరాలకు నేనేమీ చెప్పలేదు కదా, అందుకని తనే గుర్తుచేశాడు. చలి ఎలా ఉంటుంది, పూత ఎప్పుడొస్తుంది?

శివరాత్రికి మాత్రం శివశివా అంటూ పోతుందన్నాను.

అది మా తోట కాపలావాడూ చెబుతాడన్నాడు.

వారం రోజుల సంగతైతే వాతావరణ శాఖ బులెటిన్ చూసి చెబుతాను, అంతకు మించి అడగొద్దన్నాను. ఆయనకది బొత్తిగా నచ్చలేదు. బులెటిన్ తనూ చదువుకోగలడట. నా పాత జోస్యాలే బాగుండేవని, వాటిలో కనీసం ఒక ధైర్యం ఉండేదని అన్నాడు. లానినా మళ్లీ వస్తోందని పేపర్లో వేశారు, చదివావా అని కూడా అడిగాడు.

చదివాను. రగ్గులు ఇంకా కొన్ని ఉన్నాయి, కావాలంటే పంపిస్తానన్నాను.